మిగిలిన టర్కీ, మూడో పాఠం: ముక్కను చివర్లోనే వేయాలి

నిన్నటి పాఠంలో, అమెరికాలో గురువారం నాడు వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగకు వండిన టర్కీ కోడి ఎముకలతో స్టాకు, అంటే ఎముకల రసం, కాచడం చెప్పుకున్నాం. ఈ రోజు నేరుగా గోంగూర కూరలోకి వెళ్దామనుకున్నాను కానీ, వచ్చిన ప్రశ్నలు చూశాక ముందు ఆ స్టాకు సంగతి తేల్చక తప్పడం లేదు.

ఫ్రిజ్‌లో పెట్టిన స్టాకు తెల్లవారేసరికి జున్నులా గడ్డకట్టిందని, చెడిపోయిందనుకుని పారబోశామని కొందరు రాశారు. అది చెడిపోవడం కాదు. కీళ్ళలోనూ చర్మంలోనూ ఉండే కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ సన్నని సెగ మీద జెలటిన్‌గా మారి నీళ్ళలో దిగుతుంది, చల్లబడగానే బిగుసుకుంటుంది. గిన్నెను కదిపితే వణికే స్టాకు వచ్చిందంటే మీరు పని సరిగ్గా చేశారన్నమాట. పొయ్యి మీద పెట్టగానే అది మళ్ళీ నీరవుతుంది.

ఉప్పు ఎక్కువైందన్న వారు టర్కీ ప్యాకెట్ మీది చిన్న అక్షరాలను చదవండి. అమెరికా దుకాణాల్లో దొరికే టర్కీల్లో చాలావాటికి ముందే ఉప్పునీరు ఎక్కించి ఉంటారు, అది ఎంత శాతమో కూడా అక్కడే ముద్రిస్తారు. అలాంటి పక్షి ఎముకలను కాచి సగానికి మరిగిస్తే, మనం చిటికెడు ఉప్పు కూడా వేయకపోయినా స్టాకు ఉప్పగానే ఉంటుంది. దాన్ని పారబోయనక్కరలేదు, సమానంగా నీళ్ళు కలిపి వాడుకోండి.

ఇక గిన్నెడు స్టాకును రాత్రంతా పొయ్యి మీదే వదిలేసినవారు మాత్రం దయచేసి పారబోయండి. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి బీజాలు మరిగించినా చావవు, పెద్ద గిన్నె నెమ్మదిగా గోరువెచ్చనవుతున్నప్పుడు అవి మొలకెత్తి విపరీతంగా పెరుగుతాయి. మళ్ళీ మరిగిస్తే సరిపోతుందని అనుకోవద్దు, కొన్ని సూక్ష్మజీవులు వదిలే విషాలు మరుగుకు కూడా లొంగవు. మాంసమైనా స్టాకైనా 2 గంటల్లోపు లోతు తక్కువ డబ్బాల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. గురువారం వండిన టర్కీని సోమవారం దాటి ఫ్రిజ్‌లో ఉంచకూడదు, అప్పటికి తినలేమనుకున్నది ఇప్పుడే ఫ్రీజర్‌లోకి వెళ్ళాలి.

కూర మసాలా ఎలా వేయించాలో మీకు నేను చెప్పనక్కరలేదు. ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి మీ ఇంటి పద్ధతిలోనే వేయించుకోండి. నేను చెప్పదలచింది ఆ తర్వాతి మెట్టు గురించి. ఏటా మన ఇళ్ళలో టర్కీ కూర చెడిపోయేది అక్కడే.

మసాలా వేగగానే టర్కీ ముక్కలు వేసి, నీళ్ళు పోసి, కుక్కర్ మూత బిగించి మూడు విజిల్స్ రానిస్తారు. వేటమాంసానికీ నాటుకోడికీ అలవాటైన చెయ్యి అది. ఆ మాంసం పచ్చిది, అందులోని గట్టి కొల్లాజెన్ కరగడానికి కాలమూ వేడీ కావాలి. మన చేతిలో ఉన్న టర్కీ అలాంటిది కాదు, ఓవెన్‌లో ఒకసారి పూర్తిగా ఉడికి వచ్చింది. దాని రొమ్ము మాంసంలో కరగవలసిన కొల్లాజెన్ దాదాపు లేదు, కొవ్వూ లేదు, ఉన్నదల్లా నీటిని పట్టుకున్న సన్నని కండ పోగులు. వేడి పెరిగేకొద్దీ ఆ పోగులు ముడుచుకుని, తడిబట్టను పిండినట్టు తమలోని నీటిని బయటికి తోసేస్తాయి. కుక్కర్ లోపల వేడి దాదాపు 120 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. మూడు విజిల్స్ తర్వాత మూత తీస్తే పులుసులో తేలేది కొబ్బరి పీచు. ఎంత గ్రేవీ పోసినా అది మళ్ళీ మెత్తబడదు, ఎందుకంటే ముడుచుకున్న పోగు తిరిగి విచ్చుకోదు.

"అంతసేపు ఉడకకపోతే ముక్కకు మసాలా ఎలా పడుతుంది?" అని అడుగుతారు. పచ్చికోడిని గంటసేపు ఉడికించినా మసాలా ముక్క లోతుకు వెళ్ళదు, లోపలికి దిగేది ముఖ్యంగా ఉప్పు. అందుకే మసాలా పట్టడానికి కాలం పెంచకండి, పలచగా కోసి, మసాలా తగిలే ఉపరితలాన్ని పెంచండి. ఫ్రిజ్‌లోంచి తీసిన రొమ్ము ముక్కను చల్లగా ఉన్నప్పుడే పలక మీద పెట్టి చూస్తే, ఒక కొస నుంచి మరో కొసకు గడ్డిపోచల్లా గీతలు కనిపిస్తాయి. కత్తి ఆ గీతలకు అడ్డంగా దిగాలి, ముక్క చిటికెన వేలి మందం దాటకూడదు. పోగులు పొట్టివై నోట్లో సులువుగా విడిపోతాయి. తొడ మాంసాన్ని నేను కత్తితో ముట్టుకోను, చేత్తోనే చీలుస్తాను.

ఇప్పుడు గోంగూర. అర కిలో మాంసానికి ఒక కట్ట ఆకు కావాలి, ఇండియన్ స్టోర్‌లో దొరికే ఫ్రోజెన్ గోంగూర అయినా సరే. వేగిన మసాలాలో ఆకు మగ్గాక ఒక కప్పు స్టాకు పోసి, నూనె పైకి తేలేదాకా ఉడికించండి. కూర పూర్తయిందని, అన్నంలో కలుపుకుని తినవచ్చని మీకు అనిపించాలి. అప్పుడు సెగ తగ్గించి, ముందు తొడ ముక్కలు వేసి ఐదు నిమిషాలు, తర్వాత రొమ్ము ముక్కలు వేసి మూత పెట్టి మరో ఐదు నిమిషాలు. ముక్క లోపల 165 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 74 డిగ్రీల సెల్సియస్ రాగానే దింపేయండి. ఉప్పు అప్పుడే చూడండి, అంతకుముందు వేయవద్దు.

నేను ప్రతిసారీ గోంగూరనే ఎంచుకోవడానికి కారణముంది. వండిన టర్కీ కొవ్వు ఫ్రిజ్‌లో గాలి తగిలి త్వరగా మారిపోతుంది, రెండో రోజు వచ్చే నీచు వాసన దానిదే. ఆ వాసనను గోంగూర పులుపు, నాలుగు లవంగాలు అణిచినంతగా మరేదీ అణచదని నా అనుభవం. గోంగూర లేకపోతే మిగిలిన పచ్చి క్రాన్‌బెర్రీలు ఒక కప్పు వేయండి, పులుపుకు లోటుండదు.

పులావుకూ ఇదే సూత్రం. బియ్యాన్ని స్టాకులో వండి, పొయ్యి ఆపే ఐదు నిమిషాల ముందు పలచని ముక్కలను అన్నం మధ్యలో కప్పేసి మూత పెట్టండి, దింపేముందు థర్మామీటర్‌తో ఒకసారి చూసుకోండి. వేపుడు మాత్రం తొడ మాంసంతోనే చేయండి.

అభ్యాసం కాస్త శ్రమతో కూడినది. రొమ్ము మాంసం నుంచి 50 గ్రాముల చొప్పున మూడు ముక్కలు తూచి తీసుకోండి. ఒకటి మరుగుతున్న గ్రేవీలో ఐదు నిమిషాలు, రెండోది ఇరవై నిమిషాలు, మూడోది కుక్కర్‌లో మూడు విజిల్స్ ఉంచండి. తీసి, పైన అంటిన గ్రేవీ తుడిచి, మళ్ళీ తూచి, మూడు బరువులూ రాసిపెట్టుకోండి. మూడింటినీ వరుసగా నమిలి చూడండి. ఆ అంకెలతోనే రేపటి పాఠం మొదలుపెడదాం. ఒక కప్పు స్టాకు కూడా మిగిల్చి ఉంచండి.