డిష్‌వాషర్‌కు కరెంటే రావడం లేదా? గోడ దగ్గర మొదలుపెట్టండి

రాత్రి భోజనాలయ్యాక గిన్నెలన్నీ సర్ది, డిటర్జెంట్ వేసి, తలుపు మూసి బటన్ నొక్కితే ఒక్క లైటూ వెలగదు. మెషీన్ పోయిందని టెన్షన్ పడి సర్వీసుకు ఫోన్ చేసేముందు, దాని దాకా కరెంటు వచ్చే దారి చూడండి. డీబీ బాక్సు (ఇంటి మెయిన్ స్విచ్‌లుండే పెట్టె), వైరు, స్విచ్, సాకెట్, ప్లగ్: లోపం ఎక్కువగా ఈ దారిలోనే దొరుకుతుంది, అందులో చాలావరకు మెషీన్ విప్పకుండానే తేలిపోతుంది.

ముందుగా ఒక జాగ్రత్త. చాలా ఇళ్లలో ఈ ప్లగ్ సింకు కిందే ఉంటుంది. అక్కడ తడి కనిపిస్తే ప్లగ్‌ను ముట్టుకోవద్దు. మెయిన్ ఆఫ్ చేసి, నీళ్లు ఎక్కడి నుంచి కారుతున్నాయో చూసి, అంతా ఆరాకే మిగతా పని.

ఇంట్లో లైట్లున్నాయి, మెషీన్‌కు మాత్రం కరెంటు లేదు

అపార్ట్‌మెంట్ అయితే, ఇప్పుడు నడుస్తున్నది జనరేటరేమో కనుక్కోండి. చాలాచోట్ల జనరేటర్ లైన్ లైట్లకూ ఫ్యాన్లకే ఇస్తారు, పవర్ పాయింట్లకు ఇవ్వరు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలోనూ ఇంతే. త్రీఫేజ్ కనెక్షన్ (మూడు లైన్లలో కరెంటు వచ్చేది) ఉన్న ఇంట్లో ఒక ఫేజ్ పోయినా హాల్లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, వంటింటి పాయింట్లు మాత్రం ఆగిపోతాయి. గీజరో, ఏసీనో కూడా పనిచేయడం లేదంటే అనుమానం ఫేజ్ మీదే. అది కరెంటాఫీసుకో, అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్‌కో చెప్పాల్సిన విషయం.

తర్వాత ఎంసీబీ, అంటే లోడ్ ఎక్కువైతే తనంతట తానే పడిపోయే (ట్రిప్ అయ్యే) డీబీ బాక్సులోని స్విచ్. ట్రిప్ అయినప్పుడు దాని పిడి కొన్నిసార్లు మధ్యలోనే ఆగి, పైకే ఉన్నట్టు కనిపిస్తుంది. పూర్తిగా కిందికి దించి మళ్ళీ పైకి ఎత్తండి.

స్టెబిలైజర్ పెట్టుకున్నవాళ్లు కరెంటు వచ్చాక కొద్ది నిమిషాలు ఆగి చూడాలి. అది కావాలనే ఆలస్యంగా సప్లై ఇస్తుంది, వోల్టేజీ మరీ తగ్గితే పూర్తిగా ఆపేస్తుంది.

టెస్టర్ వెలుగుతోంది, అయినా మెషీన్ రాదు

టెస్టర్ ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) ఉందని మాత్రమే చెబుతుంది, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) సంగతి చెప్పదు. న్యూట్రల్ వైరు ఊడిపోయినా టెస్టర్ చక్కగా వెలుగుతుంది. కాబట్టి ఆ సాకెట్లో పట్టే ప్లగ్ ఉన్న ఇస్త్రీ పెట్టె పెట్టి చూడండి. అది వేడెక్కకపోతే లోపం గోడలోనే ఉంది. మెయిన్ ఆఫ్ చేయించి, సాకెట్ విప్పి వైర్లు బిగించే పని ఎలక్ట్రీషియన్‌ది.

కాసేపు నడిచి ఆగిపోతుంది, కొంతసేపయ్యాక మళ్ళీ వస్తుంది

మా ఇంట్లో జరిగింది ఇదే. ఫోన్ ఛార్జర్ పెట్టి చూస్తే సాకెట్ బాగానే ఉంది. దాంతో మెషీన్ లోపలి కంట్రోల్ బోర్డే పోయిందని వారం రోజులు గిన్నెలు చేత్తో తోముకున్నాం. చివరికి విప్పి చూస్తే స్విచ్ వెనక స్క్రూ వదులై, వైరు కొస నల్లగా మాడిపోయి ఉంది.

దీని వెనకున్న లెక్క ఇది. నీళ్లు కాచేటప్పుడు డిష్‌వాషర్ సుమారు 2000 వాట్లు లాగుతుంది. మన 230 వోల్టుల సప్లైలో అది దాదాపు 9 ఆంపియర్లు. ఛార్జర్ లాగేది అందులో చాలా చిన్న వంతు. వదులు కనెక్షన్ ఆ కాస్త కరెంటును ఏ ఇబ్బందీ లేకుండా పోనిస్తుంది. హీటర్ ఆన్ కాగానే మాత్రం అక్కడ వేడి పుడుతుంది, వోల్టేజీ పడిపోతుంది, బోర్డు ఆగిపోతుంది. చల్లారాక మళ్ళీ లైట్లొస్తాయి. అందుకే పరీక్షకు ఇస్త్రీ పెట్టెలాంటి లోడే పెట్టాలి.

ప్లగ్ పిన్నుల మీద గోధుమరంగు మచ్చ, కాలిన ప్లాస్టిక్ వాసన, వేడెక్కిన స్విచ్: ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఇక ఆ పాయింట్ వాడొద్దు. 16 ఆంప్స్ స్విచ్, సాకెట్ రెండూ కొత్తవి వేయించండి. వైరు మాడినంత మేర కోసేసి బిగించాలి. ప్లగ్ కూడా మాడి ఉంటే అదీ మార్చాల్సిందే, లేకపోతే కొత్త సాకెట్ మళ్ళీ పాడవుతుంది. డిష్‌వాషర్‌ను జంక్షన్ బాక్సుకు పెట్టడం, 6 ఆంప్స్ సాకెట్లోకి అడాప్టర్ దూర్చడం దయచేసి చేయకండి. మాడిపోవడం అక్కడే మొదలవుతుంది.

మళ్ళీ మళ్ళీ ట్రిప్ అవుతోంది

ట్రిప్ అవుతున్నది ఏదో చూడండి. ఎంసీబీ అయితే, అదే లైన్ మీద ఓవెన్, కెటిల్ కూడా నడుస్తున్నాయేమో గమనించండి. విడివిడిగా వాడినప్పుడు ట్రిప్ అవడం ఆగితే అది లోడ్ సమస్యే. మెషీన్‌కు వేరే లైన్ లాగించడం మంచిది.

ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ట్రిప్ అయితే కరెంటు ఎక్కడో లీకవుతున్నట్టు. ఇళ్లలో సాధారణంగా ఉండేది 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే రకం. మెషీన్ ప్లగ్ తీసి ఆన్ చేయండి. అప్పుడూ పడిపోతే లోపం ఇంటి వైరింగ్‌లో లేదా ఇంకో పరికరంలో ఉంది. ప్లగ్ పెట్టగానే పడితే మెషీన్ కరెంటు వైరునో, లోపల కరెంటు దారిలో ఉండే నాయిస్ ఫిల్టర్‌నో అనుమానించాలి. నడిచి నడిచి నీళ్లు వేడెక్కే సమయానికి పడితే అనుమానం హీటర్ మీద. ఏదైనా సరే, ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్ట్ ఇవ్వమని ఎవరినీ అడగొద్దు, ఎవరైనా ఇస్తామన్నా ఒప్పుకోవద్దు. నీళ్లతో నడిచే మెషీన్ అది, ఇంట్లో పిల్లలు తడి చేతులతో ముట్టుకుంటారు.

లైట్లు వస్తాయి, మొదలవదు

ఇది కరెంటు సమస్య కాదు. గరిట కాడ అడ్డుపడి తలుపు పూర్తిగా పడలేదేమో, చైల్డ్ లాక్ గానీ ఆలస్యంగా మొదలయ్యే సెట్టింగ్ గానీ పడిందేమో చూడండి.

సాకెట్ బాగుంది, మెషీన్‌లో మాత్రం చలనం లేదు

ప్లగ్ తీసి పది నిమిషాలుంచి మళ్ళీ పెట్టండి. ఉరుములు, మెరుపుల తర్వాత ఆగిపోయి ఉంటే లోపలి ఫ్యూజో, బోర్డో దెబ్బతిని ఉండొచ్చు. ఎలుకలు వైరు కొరకడం, బొద్దింకలు బోర్డులో చేరడం కూడా మన వంటిళ్లలో మామూలే. ఇక్కడి నుంచి టెక్నీషియన్ పని. తలుపు అంచున ఉండే స్టిక్కర్ మీది మోడల్ నంబరుతో పాటు, సాకెట్ లోడ్ పెట్టి చూశామని, ఏది ఎప్పుడు ట్రిప్ అయిందో కూడా చెప్పండి. బోర్డు మార్చాలంటే, ఫ్యూజు చూశారా అని ముందు అడగండి.

ఆయన వచ్చేలోగా ప్లగ్ తీసి, నీళ్ల కుళాయి కట్టేసి, గిన్నెలు బయటికి తీసేయండి. అడుగున నిలిచిన నీళ్లు గ్లాసుతో తోడి, తలుపు కాస్త తెరిచి ఉంచితే వాసన పట్టదు.