కాకా, మొదటి బీడీ ఎప్పుడు ముట్టిస్తావు?

ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు పొగ మాన్పించే శిక్షణ ఇవ్వబోతున్నారా? కుళ్లిన ఊపిరితిత్తుల బొమ్మలు ఇంట్లోనే పెట్టి రండి. వరంగల్ జిల్లాలో నా మొదటి తరగతిలో రెండు గంటలు అవే చూపించాను. చివరికి ఒక కార్యకర్త లేచి, "సార్, కట్ట మీద బొమ్మ రోజూ చూస్తూనే మా మామ కాలుస్తున్నాడు" అంది. ఆ రోజుతో ఉపన్యాసం మానేశాను.

ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఒకరు ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీగా నటించాలి, మరొకరు కార్యకర్తగానే మాట్లాడాలి. "రోజుకు ఎన్ని?" అని మొదలుపెడితే సగమే చెబుతారు. "కాకా, లేచిన ఎంతసేపటికి మొదటిది ముట్టిస్తావు?" అని అడగమనండి. అరగంట లోపే అంటే నికోటిన్, అంటే పొగాకులో అలవాటు పట్టించే పదార్థం, పట్టు గట్టిదన్నమాట. అడిగాక నోరు మూసుకుని వినడం నేర్పడమే అన్నిటికన్నా కష్టం. మనవాళ్లకు సలహా ఆగదు.

జగిత్యాల, కోరుట్ల వైపు వెళ్తే ఒక జాగ్రత్త. కార్యకర్తల ఇళ్లలోనే బీడీలు చుట్టేవారు ఉంటారు. ఆ ఇంటి కూడును తప్పుపట్టడానికి రాలేదని ముందే చెప్పండి.

మానే వ్యక్తి చేతే తేదీ పెట్టించాలి, రెండు వారాలు దాటకుండా. మొదటి మూడు రోజులు చిరాకు, నిద్రలేమి ఎక్కువ. కోరిక పుట్టినప్పుడు కొన్ని నిమిషాలు ఓర్చుకుంటే దిగిపోతుంది. ఆ కాసేపు నీళ్లు తాగడమో, నాలుగడుగులు నడవడమో చేయాలి.

బీడీ కోరిక తగ్గించడానికి ఇచ్చే నికోటిన్ గమ్ సంగతికి మాత్రం తొందరపడకండి. చాలామంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నములుతారు, ఎక్కిళ్లు, కడుపులో మంట వస్తే పారేస్తారు. నేను తరగతిలో తలా ఒక లవంగం ఇస్తాను. మెల్లగా కొరకండి, చురుక్కుమనగానే ఆపి బుగ్గకు, పళ్ల చిగుళ్లకు మధ్య పెట్టండి. ఘాటు తగ్గితే మళ్లీ కొరకండి. గమ్ కూడా అంతే, సుమారు అరగంట. దానికి పదిహేను నిమిషాల ముందు నుంచీ, నోట్లో ఉన్నంతసేపూ చాయ్ వద్దు. చాయ్‌తోనే బీడీ ముట్టించే మన దగ్గర ఈ మాట రెండుసార్లు చెప్పాలి. 2 మిల్లీగ్రాములా, 4 మిల్లీగ్రాములా అన్నది డాక్టరు తేల్చాలి. గర్భిణులను, గుండెజబ్బు ఉన్నవారిని నేరుగా డాక్టరు దగ్గరికే పంపాలి.

పొగాకు మానడానికి ఫోన్‌లో సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 నంబరును కార్యకర్తల పుస్తకం అట్ట మీద రాయించండి.

తరగతి ముగిసేలోపు ప్రతి కార్యకర్తా తన ఊళ్లో కలవబోయే ముగ్గురి పేర్లు రాసుకోవాలి. మానిన మూడో రోజు, వారానికి, నెలకు వాళ్లను మళ్లీ కలవాలి. మధ్యలో ఎవరైనా ఒకటి కాల్చేస్తే "ఎందుకు కాల్చావు?" అనొద్దు. "ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు?" అని అడిగి, ఆ జవాబును పేరు పక్కనే రాసుకుని, కొత్త తేదీ పెట్టించాలి.