ఇంటి సౌనాలో కరెంటు సమస్యలు: లక్షణం, కారణం, పరిష్కారం

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు సొంత ఇంట్లో సౌనా గది (హీటరు వేడితో చెమట పట్టించుకునే గది) కట్టించుకున్నవారికి ఈ వివరాలు అక్కరకు వస్తాయి. హీటరు మొరాయించగానే ఎలిమెంటు కాలిపోయిందని తీర్మానించి కొత్తది కొనేవారు ఉన్నారు. మన ప్రాంతంలో దానికంటే ముందు అనుమానించవలసినవి రెండు: వర్షాకాలపు తేమ, సాయంత్రపు లోవోల్టేజి. స్విచ్చులు, హీటరులో పేర్చిన రాళ్లు, రీసెట్ బటను వరకు ఇంటివారు చూసుకోవచ్చు. హీటరు మూత తెరవవలసి వస్తే మాత్రం మెయిన్ ఆపించి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

హీటరు వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తెంచే స్విచ్చు) ట్రిప్ అవుతోంది

వానలు తగ్గాక తొలిసారి వేసినప్పుడు ఇది జరిగితే కారణం చాలావరకు తేమే. ఎలిమెంటు ఒక లోహపు గొట్టం. అందులోని తీగచుట్టకూ గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడు పొడిని దట్టించి ఉంచుతారు. ఆ పొడి వేడిని బయటికి పంపుతూ కరెంటును ఆపుతుంది, కానీ గాలిలోని చెమ్మను పీల్చుకునే గుణం కూడా దానికి ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాడకుండా వదిలేస్తే గొట్టం చివరల నుంచి చెమ్మ లోపలికి చేరి, కొద్దిపాటి కరెంటు హీటరు బాడీకీ, అక్కడి నుంచి ఎర్తుకూ లీకవుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఆ లీకేజీని పసిగట్టి సరఫరాను తెంచేస్తుంది. అంటే అది చెడిపోలేదు, తన పని తాను చేస్తోంది.

రాయగడలోని మా ఇంట్లో ఇలాగే జరిగినప్పుడు, చూడడానికి వచ్చిన ఒక మిస్త్రీ ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలిపేద్దామన్నాడు. మేము ఒప్పుకోలేదు. ఒంటిమీద చెమట, నేలమీద తడి ఉండే గదిలో ప్రాణానికి కాపలా ఆ ఒక్క పరికరమే. దాన్ని తప్పించే పని ఎవరు చెప్పినా చేయించకండి. సరైన పద్ధతి ఏమిటంటే, ఎలిమెంట్ల తీగలు విప్పి, 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే పరికరం) ఒక్కొక్కదానికి విడిగా ఇన్సులేషన్ కొలిపించడం. ఒక మెగా ఓమ్‌కు తక్కువ వచ్చినదాన్ని బయటికి తీయించి, తేమలేని వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టించి, మళ్లీ కొలిపించాలి. రీడింగు పెరిగితే ఎలిమెంటు బాగున్నట్టే, పెరగకపోతే మార్చవలసిందే. మాది ఆరబెట్టాక బాగుపడింది. అప్పటి నుంచి వానల్లో వారానికి ఒకసారైనా అరగంట హీటరు వేస్తున్నాము.

గది ఆలస్యంగా వేడెక్కుతోంది, ప్యానెల్లో టకటక శబ్దం వస్తోంది

హీటరు ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని (దాన్ని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది. 230 వోల్టుల దగ్గర 6 కిలోవాట్లు ఇచ్చే హీటరు 190 వోల్టుల దగ్గర సుమారు 4.1 కిలోవాట్లే ఇస్తుంది. అప్పుడు గది 80 డిగ్రీలకు చేరడానికి చాలా ఆలస్యమవుతుంది. ఆ టకటక కాంటాక్టరుది, అంటే హీటరుకు కరెంటును కలిపి తెంచే అయస్కాంతపు స్విచ్చుది. దాని కాయిలుకు నిర్ణీత వోల్టేజిలో 85 శాతమైనా, అంటే సుమారు 195 వోల్టులైనా అందకపోతే అది గట్టిగా అంటుకోలేక పట్టి వదులుతూ ఉంటుంది. కొన్నాళ్లు అలాగే నడిపితే దాని పాయింట్లు మాడిపోతాయి.

హీటరు నడుస్తుండగా మీటరు దగ్గరా, హీటరు టెర్మినళ్ల దగ్గరా వోల్టేజి కొలిపించండి. మీటరు దగ్గర సరిగా ఉండి హీటరు దగ్గర బాగా పడిపోతుంటే లోపం ఇంటి వైరింగుదే. 6 కిలోవాట్ల సింగిల్ ఫేజు హీటరు 26 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దానికి విడిగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చు) ఉండడం మంచిది. మీటరు దగ్గరే తక్కువగా ఉంటే కరెంటు ఫిర్యాదుల ఫోను నంబరు 1912కు ఫిర్యాదు చేయాలి. అంతకుముందు కరెంటు బిల్లులో సాంక్షన్ లోడు (మన కనెక్షనుకు మంజూరైన పరిమితి) చూసుకోండి. 2 కిలోవాట్ల కనెక్షను మీద 6 కిలోవాట్ల హీటరు పెట్టి ఉంటే, లోడు పెంపుకు దరఖాస్తు పెట్టుకోవలసింది మనమే. దక్షిణ ఒడిశాలో 2021 జనవరి 1 నుంచి ఈ వ్యవహారం టాటా పవర్ సదరన్ ఒడిశా డిస్ట్రిబ్యూషన్ లిమిటెడ్ చూస్తోంది.

ఎంసీబీ కాసేపటికి పడిపోతోంది, కాలిన వాసన వస్తోంది

వేసిన క్షణంలోనే పడిపోతే షార్ట్ సర్క్యూట్ అనుకోవాలి. పదిహేను, ఇరవై నిమిషాలకు పడిపోతే ఓవర్‌లోడు గానీ, వదులైన స్క్రూ గానీ కారణం. వదులు జాయింటు వేడెక్కి, ఆ వేడి ఎంసీబీ లోపలి పట్టీని వంచుతుంది. గోపాలపురం లాంటి సముద్రతీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి టెర్మినళ్లు చిలుము పట్టడం వల్ల ఇది మరింత త్వరగా వస్తుంది. వాసన తెలియగానే మెయిన్ ఆపి, మాడిన తీగ చివర కత్తిరించి, కొత్త లగ్గులతో (తీగ చివర తొడిగే లోహపు ముక్కలు) బిగించాలి. మామూలు పీవీసీ తీగ 70 డిగ్రీలకు మించి తట్టుకోదు. హీటరు దగ్గర సిలికాన్ రబ్బరు తీగే వాడాలి.

త్రీ ఫేజు హీటరులో ఒక వైపే వేడెక్కుతోంది

ఒక ఫేజు రావడం లేదు, లేదా ఒక ఎలిమెంటు తెగింది. ఇంట్లో కొన్ని బల్బులు మరీ ఎక్కువగా, కొన్ని మసకగా వెలుగుతుంటే న్యూట్రల్ ఊడినట్టు. వెంటనే మెయిన్ ఆపండి.

మధ్యలో ఆగిపోయి, చల్లారాక గానీ మళ్లీ రావడం లేదు

వేడి మితిమీరితే హీటరును ఆపే హై లిమిట్ కటౌట్ పనిచేసింది. రాళ్లు మరీ బిగించి పేర్చడం, విరిగిన రాళ్ల పొడి ఎలిమెంట్ల మధ్య గాలిని అడ్డుకోవడం దీనికి సాధారణ కారణాలు. ఏడాదికోసారి రాళ్లు తీసి, పొడి దులిపి, వదులుగా పేర్చండి.

హీటరు బాడీ తగిలితే జిల్లుమంటోంది

ఎర్తు తెగిందనీ, ఆర్‌సీసీబీ అసలు లేదనో, ఉన్నా పనిచేయడం లేదనో అర్థం. దాని టెస్ట్ బటను నొక్కి చూడండి. కోరాపుట్ కొండల్లో రాతినేల వేసవిలో ఎండిపోయి ఎర్తు బలహీనపడుతుంది కాబట్టి గుంతలో తరచూ నీళ్లు పోయాలి. ఎర్తు రెసిస్టెన్స్ కొలిపించి, సరిగా ఉందని తేలేదాకా ఆ గదిలోకి ఎవరినీ వెళ్లనివ్వకండి.