పాత డ్రంకెన్ డ్రైవ్ కేసు ఉన్నవారు కెనడా వెళ్లడానికి దరఖాస్తు విధానం

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల తెలుగువారిలో కెనడాలోని పిల్లల దగ్గరికి వెళ్లదలచిన కొందరికి, ఎప్పుడో తాగి బండి నడిపి కోర్టులో జరిమానా కట్టిన సంగతి వీసా దరఖాస్తు నింపేటప్పుడే గుర్తుకు వస్తుంది. చాలామంది దాన్ని మామూలు చలానా అనుకుంటారు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కేసును హెల్మెట్ చలానాలాగా అక్కడికక్కడే డబ్బు కట్టి ముగించుకోవడానికి వీలులేదు. మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకొని జరిమానా చెల్లించారంటే శిక్ష పడినట్టే. ఫారంలోని నేరచరిత్ర ప్రశ్నకు ‘లేదు’ అని రాసి, అది అబద్ధమని తేలితే, ఐదేళ్లపాటు కెనడాలో ప్రవేశం ఉండదు.

ముందుగా తేదీలు చూసుకోవాలి. కెనడా 2018 డిసెంబరు 18 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్షను ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచి, దీన్ని తీవ్ర నేరాల కోవలో చేర్చింది. అంతకుముందు జరిగిన ఒకే ఒక్క కేసయితే, శిక్ష పూర్తయి పదేళ్లు గడిచాక మనిషి మారినట్టే భావించి, ఆ కేసు కారణంగా ప్రవేశానికి అడ్డు చెప్పరు. ఆ తేదీ తరువాతి కేసుకు ఎన్నేళ్లు గడిచినా ఆ వెసులుబాటు లేదు. అటువంటివారు శిక్ష పూర్తయిన ఐదేళ్ల తరువాత ‘క్రిమినల్ రిహాబిలిటేషన్’ (పాత నేరం ఇక ప్రవేశానికి అడ్డు కాదనే ఆమోదం) కోసం ఐఎంఎం 1444 ఫారంతో దరఖాస్తు చేసుకోవాలి. ఐదేళ్లను లెక్కపెట్టవలసింది పోలీసులు పట్టుకున్న రోజు నుంచి కాదు, జరిమానా చెల్లించిన రోజు నుంచి. బండి నడపకుండా నిషేధం కూడా విధించి ఉంటే, అది ముగిసిన రోజు నుంచి. ఐదేళ్లు నిండనివారికి మిగిలేది టెంపరరీ రెసిడెంట్ పర్మిట్ (తాత్కాలికంగా ఉండేందుకు ఇచ్చే ప్రత్యేక అనుమతి) ఒక్కటే. దానికి ప్రయాణం ఎందుకు తప్పనిసరో చూపించాలి. ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి ఇష్టం.

కాగితాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది తీర్పు నకలు. కేసు నడిచిన ఎస్‌డీజేఎం (సబ్ డివిజనల్ జుడీషియల్ మేజిస్ట్రేట్) కోర్టు నకళ్ల విభాగంలో కేసు నంబరుతో దరఖాస్తు చేసి, జరిమానా రసీదు నకలుతో సహా తీసుకోవాలి. కాగితం ఒడియాలో ఉంటే ఇంగ్లీషు అనువాదమూ, అనువాదకుని అఫిడవిట్టూ జతచేయాలి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ఒడిశా చిరునామా ఉన్నవారికి అది భువనేశ్వర్ పాస్‌పోర్ట్ కార్యాలయం పరిధిలోకి వస్తుంది.

ఊపిరి పరీక్ష చీటీని మాత్రం పారేయకండి. మన చట్టంలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే నేరం, కెనడాలో హద్దు 80. మీ అంకె ఆ రెండింటి మధ్య ఉంటే, అక్కడి హద్దు దాటలేదని దరఖాస్తుతో జతచేసే ఉత్తరంలో వివరించవచ్చు. అయితే ఎంత తాగినా సరే, మత్తు వల్ల సరిగా నడపలేని స్థితిలో ఉండడం అక్కడ విడిగా నేరం. కాబట్టి ఎఫ్‌ఐఆర్‌లో ‘తూలుతున్నాడు’ అనే మాట ఉందేమో ముందే చదువుకోవాలి.

రిహాబిలిటేషన్ దరఖాస్తును వీసా దరఖాస్తుతో కలిపే పంపవచ్చు, కానీ నిర్ణయానికి ఏడాది పైనే పట్టవచ్చు. టికెట్లు ఆ తరువాతే కొనుక్కోవాలి.