నమ్మకం పోయిన పాస్టర్ బయటికి రావాలంటే ఏం చెయ్యాలి

అమెరికాలో వాక్యం చెప్పుకుని బతికే పాస్టర్‌కి దేవుడి మీద నమ్మకం పోతే జీతం, ఉంటున్న ఇల్లు, స్నేహితులు, ఒక్కోసారి కాపురం కూడా చేజారే ప్రమాదం ఉంది, ఎందుకంటే అవన్నీ సంఘంతోనే ముడిపడి ఉంటాయి. కాబట్టి ఆ టెన్షన్ తట్టుకోలేక ఒక ఆదివారం పుల్పిట్ (చర్చిలో ప్రసంగ వేదిక) ఎక్కి ప్రకటించేయకండి. ముందు బతుకుతెరువు, తర్వాత ఇంట్లోవాళ్లు, ఊరికి చెప్పడం ఆఖరున.

లూసియానాలోని డెరిడర్ అనే చిన్న ఊళ్లో పెంతెకొస్తు బోధకుడు జెర్రీ డివిట్ సంగతే చూడండి. 2011లో ఒక రాత్రి తెలిసినావిడ ఫోన్ చేసి, సోదరుడికి మోటార్‌సైకిల్ ప్రమాదం జరిగింది, ప్రార్థన చెయ్యమని ఏడ్చింది. ఏళ్ల తరబడి ఎందరి కోసమో ప్రార్థించిన మనిషికి ఆ రాత్రి నోట మాట రాలేదు. అదే ఏడాది నాస్తికుడిగా పేరున్న శాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్‌తో దిగిన ఫొటో బయటపడ్డాక ఊళ్లో ఆయన ఉద్యోగం పోయింది.

డబ్బు లెక్క ఇప్పుడే చూసుకోండి. చర్చి ఉద్యోగం పోతే చాలామందికి నిరుద్యోగ భృతి రాదు, ఎందుకంటే ఆ భృతి కోసం యజమానులు కట్టే పన్ను నుంచి చర్చిలకి మినహాయింపు ఉంది. ఇంకోటి, మతపరమైన కారణం చూపించి ఫారం 4361 పెట్టి సోషల్ సెక్యూరిటీ, అంటే ప్రభుత్వ పెన్షన్ పథకం నుంచి తప్పుకున్న పాస్టర్లు ఉన్నారు, మీరూ అలా చేసుంటే పరిచర్య ఆదాయం మీద మీకు పెన్షన్‌కి లెక్కలోకి వచ్చే క్రెడిట్లు పడలేదు. పెన్షన్‌కి 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల పని కావాలి. అందుకే బయట ఉద్యోగం ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. డాన్ బార్కర్ 19 ఏళ్లు సువార్త చెప్పి తర్వాత నాస్తికుడైనవాడు, ఆయన కూడా మధ్యలో కంప్యూటర్ ప్రోగ్రామర్‌గా పనిచేశాడు.

ఒంటరిగా మాత్రం మోయకండి. 2011లో మొదలైన క్లర్జీ ప్రాజెక్ట్ అనే ఆన్‌లైన్ బృందం సరిగ్గా మీలాంటి వాళ్ల కోసమే, ఇంకా పుల్పిట్ మీద ఉన్నవాళ్లు కూడా పేరు బయటపెట్టకుండా అక్కడ మాట్లాడుకోవచ్చు. డివిట్ అక్కడి నుంచే బహిరంగంగా బయటికొచ్చాడు.

భార్యకో భర్తకో మీ నోటి నుంచే తెలియాలి, అదీ ఎవరో చెప్పకముందే. వాదించి గెలవాలని చూడకండి, భయాలన్నీ వినండి, పిల్లల సంగతి, అద్దె సంగతి, అత్తమామలకి ఏం చెప్పాలన్న సంగతి. మిగతావాళ్లకి ఉత్తరం మేలు. బార్కర్ 1984 జనవరిలో తోటి బోధకులకి, బంధువులకి, స్నేహితులకి ఉత్తరాలు రాశాడు. దూరమైనవాళ్లు దూరమయ్యారు, కానీ తర్వాత ఆయన తల్లిదండ్రులు కూడా విశ్వాసం వదిలేశారు. ఉత్తరం చిన్నదిగా ఉంచండి, ఏం నమ్మడం లేదో, ఎందుకో, ఎవరి మీదా కోపం లేదని. అవతలివాళ్లు రెండోసారి చదువుకోగలుగుతారు, అదే దాని బలం.

ఈలోగా ప్రసంగం తప్పకపోతే దయ, క్షమ, పొరుగువాడి కష్టం లాంటి మీరు నిజంగా నమ్మే విషయాలే ఎంచుకోండి, స్వస్థత కూటాలు వేరేవాళ్లకి అప్పగించండి. ఈ మధ్యకాలం నెలలు దాటి ఏళ్లకి పాకితే మనిషి లోపల విరిగిపోతాడు. బార్కర్ కూడా నమ్మకం పోయాక కొన్ని నెలలు ప్రసంగాలు చేశాడు, ఆ కపటం భరించలేకే ప్రసంగాలు మానేశాడు.

నాస్తిక ఉద్యమంలో చేరడమా? దానికి తొందరేం లేదు. గాయం పచ్చిగా ఉన్నప్పుడు మైకు పట్టుకుంటే నిన్నటిదాకా మిమ్మల్ని ప్రేమించిన విశ్వాసులనే తిడతారు, అది అన్యాయం. బార్కర్ 1987లో మ్యాడిసన్‌లోని ఫ్రీడమ్ ఫ్రమ్ రెలిజియన్ ఫౌండేషన్‌లో చేరాడు, ఉత్తరాలు రాసిన మూడేళ్లకి. ఆ సంస్థ ప్రభుత్వ బడుల్లో ప్రార్థనలు చేయించడం లాంటి వాటి మీద కోర్టుకి వెళ్తుంది. అంటే పోరాటం ప్రభుత్వం మతాన్ని రుద్దడం మీద, పక్కింటి విశ్వాసి మీద కాదు. మొదట ఒక చిన్న సభలో మీ కథ చెప్పండి, ప్రశ్నలు తీసుకోండి. ప్రసంగం, కౌన్సెలింగ్, మరణం దగ్గర కుటుంబంతో కూర్చోగలగడం, ఇవన్నీ మీకు వచ్చిన పనులే. హ్యూమనిస్ట్ సెలబ్రెంట్‌గా, అంటే మతం లేకుండా వేడుకలు జరిపించే వ్యక్తిగా శిక్షణ తీసుకుంటే దేవుడి పేరు లేకుండానే పెళ్లిళ్లు, అంత్యక్రియలు జరిపించవచ్చు, పెళ్లిళ్ల విషయంలో మాత్రం మీ రాష్ట్రం నియమాలు ముందే కనుక్కోండి.