ఆటిజం ఉన్న పిల్లలను ప్రత్యేక పాఠశాలలో చేర్చే ముందు జాగ్రత్తలు

ఫీజు కట్టకముందే, బోధించే ప్రత్యేక ఉపాధ్యాయులకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ప్రత్యేక విద్యా నిపుణులను నమోదు చేసే కేంద్ర సంస్థ) నమోదు ఉన్నదీ లేనిదీ ధ్రువపత్రం చూసి నిర్ధారించుకోవాలి. వైకల్య శాతాన్ని తెలిపే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డయిన యూడీఐడీ సిద్ధంగా ఉంచుకోవాలి. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యమున్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరి బడిలోనైనా, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనైనా ఉచిత విద్య పొందే హక్కును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది గేటు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు చెప్పకుండా బయటికి వెళ్లిపోతారు, నీళ్లంటే మరీ ఆకర్షితులవుతారు. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి నడుమనే పారే విజయవాడలో గేటు గడియ బిడ్డ చేతికి అందని ఎత్తులో ఉన్నదా, బడి వదిలే వేళ గేటు దగ్గర ఎవరుంటారు అన్నవి స్వయంగా చూడవలసిందే. గంట మోతకు చెవులు మూసుకునే బిడ్డ కాసేపు ఒంటరిగా కూర్చునేందుకు నిశ్శబ్దమైన గది ఉండాలి.

ఆరు నెలల్లో పూర్తిగా నయం చేస్తామనే చోటికి వెళ్లకపోవడమే మేలు, ఎందుకంటే ఆటిజం మందులతో పోయే జబ్బు కాదు.

కౌమారంలో ఉన్నవారి విషయంలో నెలసరి శుభ్రత, స్పర్శ విషయంలో హద్దులు, డబ్బు లెక్క, వృత్తి శిక్షణ నేర్పుతారో లేదో అడిగి, ఏడాది లక్ష్యాలను రాతపూర్వకంగా తీసుకోవాలి.