ఆర్కిడ్ ఆకు మీద మచ్చ: ఎండదెబ్బా, వైరసా? స్ట్రిప్ టెస్టులో వచ్చే చిక్కులు

తిరుపతి ఎండల్లో ఆర్కిడ్లు పెంచేవాళ్ళకు ఆకు మీద మచ్చ కనిపించిందంటే టెన్షనే. ప్రతి మచ్చా వైరస్ కాదు. అలాగని వైరస్ ఉన్న ప్రతి మొక్కకూ మచ్చలు రావు. ఎక్కువ నష్టం చేసేది ఈ రెండో రకమే.

ఆకుకు ఒకవైపే తెల్లబారి, తర్వాత ఎండిపోయిన మచ్చ

ఎండదెబ్బ. పడమటి ఎండ తగిలే వైపు వస్తుంది, నీడలోకి మార్చాక పెరగదు. షేడ్‌నెట్ సరిచేయండి. కొసలు మాత్రమే నల్లబడుతుంటే బోరు నీళ్ళలోని ఉప్పును అనుమానించి, కొన్నాళ్ళు వాన నీళ్ళో ఆర్‌వో నీళ్ళో పోసి చూడండి. వీటికి టెస్టు కిట్టు కొనడం దండగ.

లేత ఆకుల్లో పసుపు చారలు, ముదురు ఆకుల్లో గుంటపడిన నల్లమచ్చలు లేదా వలయాలు, పూరేకుల్లో రంగు అతుకులు అతుకులుగా

ఇక్కడ వైరస్‌ను అనుమానించాలి. ఆర్కిడ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు: సింబిడియం మొజాయిక్ వైరస్, ఒడొంటోగ్లాసమ్ రింగ్‌స్పాట్ వైరస్. పేర్లు చూసి ఆ జాతులకే వస్తాయనుకోకండి, మన డెండ్రోబియంకూ ఫెలనాప్సిస్‌కూ వస్తాయి. బూజు తెగుళ్ళు కూడా ఇలాంటి మచ్చలే తెస్తాయి కాబట్టి కంటితో తేల్చలేం. యాంటీబాడీ స్ట్రిప్‌తో పరీక్షించాలి.

ఇది కోవిడ్ కిట్ లాంటిదే. చిన్న ఆకుముక్కను బఫర్ ద్రావణం ఉన్న సంచిలో వేసి నలిపి, ఆ రసంలో స్ట్రిప్ కొసను ముంచుతారు. రసం పైకి పాకుతుంది. వైరస్ పైపొరలోని ప్రొటీన్‌ను స్ట్రిప్ మీద ఉన్న యాంటీబాడీలు (ఒక్కో వైరస్‌ను గుర్తుపట్టి అంటుకునే ప్రొటీన్లు) పట్టుకుంటే టెస్టు గీత వస్తుంది. దానిపైన ఉండే కంట్రోల్ గీత స్ట్రిప్ పనిచేస్తోందని చెబుతుంది, అంతే.

ఏ గీతా రాలేదు

స్ట్రిప్ పాడైంది, లేదా రసం పైదాకా ఎక్కలేదు. మే నెలలో కొరియర్ పార్సిల్ ఎండలో పడి ఉంటే యాంటీబాడీలు దెబ్బతింటాయి. రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. వాడేముందు మూత తీయకుండా గది వేడికి రానిచ్చి, అప్పుడే తెరవండి, లేకపోతే చెమ్మ పడుతుంది. ఈ ఫలితాన్ని "వైరస్ లేదు" అని రాసుకోకండి. కొత్త స్ట్రిప్‌తో మళ్ళీ చేయండి.

కంట్రోల్ గీత ఒక్కటే వచ్చింది, మచ్చలు మాత్రం పెరుగుతున్నాయి

చాలామంది మోసపోయేది ఇక్కడే. మొక్కలో వైరస్ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మీరు తుంచిన ముక్కలో తక్కువ ఉండి ఉండవచ్చు. ఎండి నల్లబడిన చోటు కాకుండా, మచ్చ అంచున పచ్చగా ఉన్న భాగం నుంచీ వేరే ఆకు నుంచీ తీసి మళ్ళీ చూడండి. కొత్తగా సోకిన మొక్కయితే కొన్ని వారాలు ఆగాలి. ఆకుముక్క మరీ ఎక్కువ వేసి రసం చిక్కబడినా ఫలితం తప్పవచ్చు. కిట్టులో చెప్పిన కొలతే వేయండి.

ఇంకో కారణం, ఏ వైరస్‌కు యాంటీబాడీ పెట్టారో స్ట్రిప్ దాన్నే పడుతుంది. నల్లి (మొక్కల రసం పీల్చే మైట్) ద్వారా వ్యాపించే ఆర్కిడ్ ఫ్లెక్ వైరస్ పై రెండింటి స్ట్రిప్‌లో కనిపించదు. ఆకు అడుగున భూతద్దంతో నల్లి కోసం చూడండి. అప్పటికీ తేలకపోతే ల్యాబులో చేసే ఎలైజా గానీ పీసీఆర్ గానీ పరీక్ష చేయించాలి. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వైరాలజీ విభాగమే ఉంది. బయటి నమూనాలు తీసుకుంటారో లేదో ముందు కనుక్కొని వెళ్ళండి.

లేత గీత

టెస్టు గీత కిట్టులో చెప్పిన సమయంలోపు వస్తే ఎంత లేతదైనా పాజిటివే. స్ట్రిప్ ఎండిపోయాక వచ్చిన గీతను లెక్కలోకి తీసుకోవద్దు.

రెండు గీతలూ స్పష్టంగా వచ్చాయి

వైరస్ ఉన్నట్టే. దీనికి మందు లేదు. "వైరస్ పోతుంది" అని అమ్మే సీసాలకు డబ్బు పెట్టకండి. మొక్కను సంచిలో కట్టి పారేయండి, కంపోస్టులో వేయవద్దు. మరీ ప్రియమైనదైతే మిగతావాటికి దూరంగా, నీళ్ళు వేరేగా పెట్టాలి. నా మటుకు నేను పారేయమనే చెబుతాను. పిలక తీసి పెంచినా లాభం లేదు, తల్లిలోని వైరస్ పిలకలోనూ ఉంటుంది.

తర్వాత అసలు కారణం వెతకాలి. ఈ రెండు వైరస్‌లను పురుగులు మోసుకురావడం కన్నా కత్తెరలు మోసుకురావడమే ఎక్కువ. ఒక మొక్క పూకాడ కోసిన బ్లేడుతోనే పక్కదాన్ని కోస్తే రసంతో పాటు వైరస్ వెళ్తుంది. స్పిరిట్‌తో తుడిస్తే సరిపోదు. మొక్కకో కొత్త బ్లేడు వాడండి, లేదా కత్తెర అంచును మంటలో ఎర్రగా కాల్చండి. నర్సరీల్లో పది శాతం ట్రైసోడియం ఫాస్ఫేట్ ద్రావణం వాడతారు, చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి గ్లోవ్స్ వేసుకోండి. పాత కొబ్బరి చిప్స్, నాచు మళ్ళీ వాడకండి. పైన వేలాడే కుండీ నుంచి నీళ్ళు కింది మొక్క మీదకు కారకుండా అమర్చండి.

పాజిటివ్ మొక్క పక్కన ఉన్నవన్నీ ఇప్పుడొకసారి, రెండు మూడు నెలల తర్వాత ఇంకోసారి పరీక్షించండి. అప్పటిదాకా వాటి పిలకలు ఎవరికీ ఇవ్వకండి.